గాయపడిన పలక: హుమ్మ నుండి జౌగడ వరకు

హౌరా నుండి మద్రాసునకు బోవు ఇనుపదారిలో, చిలుకా సరస్సు దక్షిణపుటంచును విడిచి రంభ దాటిన పిమ్మట, తూర్పుకనుమల తుదిగుట్టలు పడమట నొదిగి నిలువ, తూర్పు నుండి సముద్రపుగాలి తెరపి లేక వీచుచుండ, ఉప్పుమడుల సరసన వెలసిన చిన్న రైలుస్టేషను హుమ్మ. ప్రయాణికులలో పెక్కురు ఈ పేరును గమనింపకయే బరంపురము చేరుకొందురు. కళింగతీరపు చరిత్రను నేలమీద నడచి తెలిసికొనగోరువారికి మాత్రము ఇంతకంటె మంచి ఆరంభస్థానము దొరకదు. పాయలగుండ వచ్చిన ఉప్పునీటిని కాలువలతో మడులలోనికి మరలించి, ఒక మడి నుండి మరియొక మడికి మార్చుచు ఎండకు చిక్కబరచి, కట్టకడపటి మడిలో పలుకులు కట్టనిచ్చి, పొడుగు పిడి గల చెక్కపలకలతో గట్టునకు లాగి, గంపల కెత్తి కుప్పపోయు ఈ పని తరతరములుగా ఇచ్చటి ప్రజలకు జీవనాధారమై యున్నది. ఎండవేళ ఆ కుప్పలను రెప్పవేయక చూడజాలము. పనివారి పాదములు మాత్రము ఆ ఉప్పులోనే దినమెల్ల నానుచుండును.

1930లో గాంధీమహాత్ముని పిలుపునందుకొని గంజాము సత్యాగ్రహులు ఉప్పుశాసనమును ధిక్కరించినది ఈ హుమ్మయందే. అప్పటికి గంజాము మద్రాసు రాజధానిలోని జిల్లా. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమై వెలసినప్పుడు ఈ సీమలో అధికభాగము దానియందు చేరెను. ఐనను ఇచ్చటి సంతలలో, రైలుపెట్టెలలో, గుడిమెట్లపై ఒడియాయు తెలుగును ఒకే సంభాషణలో ఇచ్చిపుచ్చుకొనబడుచునే యున్నవి. ఆయుధము పట్టక రాజ్యశాసనమును ఎదిరించిన ఈ తావునకు కొలదిగంటల దూరములోనే, ఆయుధబలముతో కళింగమును అణచిన చక్రవర్తి శాసనము కొండరాతిపై నిలిచియుండుట ఈ నేలకు గల విశేషము. నేను ఆ రాతిని చూడవలెనని వచ్చితిని. యుద్ధము చేసిన హింసను, అది మనుష్యుల మనస్సులలో మిగిల్చిన అదరును చెప్పుటకు కళలలో ఏది సమర్థము, అచ్చుచిత్రకళ ఏ కారణమున మూడు నాలుగు శతాబ్దములుగా ఈ భారమును మాటిమాటికి తలకెత్తుకొనుచున్నది, అను ప్రశ్న చిరకాలముగా నన్ను వెంటాడుచుండుటయే ఆ కోరికకు మూలము.

హుమ్మ విడిచి గంజాము పట్టణమును చేరినచో ఋషికుల్యానది సాగరసంగమము సమీపించును. నదీముఖపు ఇసుకతిన్నెలమీదికి ఏటేట వేలకొలది సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకై వచ్చుచుండును. అచ్చటి నుండి నదిని ఎగువకు అనుసరించి పురుషోత్తమపురమువైపు సాగిన దారి అతిమనోహరము. ఇరుప్రక్కల వరిచేలు, గట్లపై తాటితోపులు, దూరమున తారాతారిణీదేవి వెలసిన కొండ, దానిక్రింద మెలికలు తిరుగు నది కన్నులపండువుగా నుండగా, ఈ నేలపై నొకప్పుడు లక్షలజనులు నశించిరను మాట నమ్మశక్యము కాదు. యుద్ధములు జరిగిన చోటులన్నియు ఇట్లే యుండును. గడ్డి మొలచును, ఏరు పారును, పంట పండును. ప్రకృతికి జ్ఞాపకముంచుకొను బాధ్యత లేదు. ఆ బాధ్యత మనుష్యునిదే.

జౌగడ ఇప్పుడొక చిన్నగ్రామము. దాదాపు చతురస్రాకారమున నొకానొక ప్రాచీననగరమును చుట్టియుండిన కోటగోడలు నేడు మట్టికట్టలుగా మాత్రము పొడసూపుచున్నవి. 1956–57లో దేవలా మిత్ర ఇచ్చట త్రవ్వకములు జరిపించెను. ఆ ప్రాకారములోపల నున్న కొండరాతిపై బ్రాహ్మీలిపిలో అశోకుని శాసనము చెక్కబడియున్నది. శాసనభాగమునకు పురావస్తుశాఖవారు పైకప్పును ఏర్పరచి కాపాడుచున్నారు. రాతిచర్మము పెక్కుచోట్ల పెచ్చులూడిపోయి, కొన్ని పంక్తులు సగమునకు సగము మాసిపోయినవి. మిగిలిన అక్షరములు మాత్రము వాడిమి తగ్గక, ఎండ ఏటవాలుగా పడువేళ నొక్కొక్కటిగా లేచి నిలుచున్నవి.

ఈ శాసనములో ఉన్నదానికంటె లేనిది గొప్పది. పట్టాభిషేకానంతరము ఎనిమిదవ వత్సరమున అశోకుడు కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు ప్రజలు మరణించిరనియు, దానిని తలచి తాను పరితపించుచున్నాననియు అతడు స్వయముగ చెప్పుకొన్నది పదుమూడవ శిలాశాసనము. అది దూరమున సౌరాష్ట్రదేశపు గిర్నారులో నున్నది. హిమాలయపాదమున కాల్సీలో నున్నది. వాయవ్యమున షాబాజ్‌గఢీ, మాన్సెహ్రాలలో నున్నది. మన కర్నూలుసీమలో, గుత్తికి దగ్గరగా, ఎర్రగుడి బండలమీదను ఉన్నది. కళింగములోని రెండు తావులైన ధౌళియందును జౌగడయందును మాత్రము లేదు. పదునొకటవ, పండ్రెండవ, పదుమూడవ శాసనములను ఇచ్చట విడిచి, వానికి మారుగా రెండు ప్రత్యేకశాసనములను చెక్కించిరి. మనుష్యులందరును తన సంతానమనియు, నగరాధికారులు ఎవ్వరిని నిష్కారణముగ చెరపెట్టి హింసింపరాదనియు, పొలిమేరలలోని జయింపబడని జనులు తనను గూర్చి భయపడనక్కరలేదనియు ఆ రెండింటి సారము. జౌగడలోని మాట సమాపానగరపు మహామాత్రులకు ఉద్దేశింపబడినది.

చక్రవర్తి ఏల ఇట్లు చేసెనో ఊహించుట కష్టము కాదు. ఓడిన ప్రజల కన్నులయెదుట వారి చావుల లెక్కను రాతిపై నిలుపుట పచ్చిపుండును కెలుకుటయగునని పరిపాలకుని వివేకము హెచ్చరించియుండును. ఓదార్పుమాటలు, న్యాయపాలనకు ఆనలు చాలునని తలచియుండును. ఆ వివేకమును నేను తక్కువ చేయను. పశ్చాత్తాపమును రాతిపై చెక్కించిన రాజులు లోకచరిత్రలో ఎందరున్నారు? కాని ఆ రాతియెదుట నిలిచినప్పుడు నా మనస్సు మరియొక సంగతిని విడువజాలదయ్యెను. ఎవరి రక్తము చిందెనో వారి నేలమీదనే ఆ రక్తమును గూర్చిన మాట లేదు. తెలుగుబండపై కళింగుల మరణమున్నది, కళింగపుబండపై లేదు. దుఃఖమును చెప్పవలసిన శాసనము దుఃఖితులకు దూరమైన తావులలో లిఖింపబడినది. హింస చేసిన చేయియే దానిని లిఖించుటకు పూనినప్పుడు, ఎచ్చట పలుకవలెనో ఎచ్చట ఊరకుండవలెనో ఆ చేయియే నిర్ణయించును.

ఈ రాతిశాసనమునకు 1850లో ప్రతి తీసినవాడు సర్ వాల్టర్ ఇలియట్. అమరావతి శిల్పములను త్రవ్వించి మద్రాసునకు చేర్చి, ఉత్తరసర్కారుల కమీషనరుగా తెలుగువారి చరిత్రలో స్థానము సంపాదించిన దొర యతడే. తరువాతి కాలమున శాసనపరిశోధకులు రాతి నుండి ప్రతి తీయుటకు వాడుచు వచ్చిన పద్ధతి అచ్చుకళతో చుట్టరికము గలది. మొదట రాతిని కుంచెతో నీటితో శుభ్రపరతురు. తడిసిన కాగితమును దానిపై పరచి, బిరుసువెండ్రుకల బ్రష్షుతో మెల్లమెల్లగ మోదుచుందురు. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. తడి యారుచుండగా మసిసిరాలో ముంచిన గుడ్డబంతితో పైపైన అద్దుదురు. రాతి మిట్టభాగము నల్లనగును. చెక్కబడిన అక్షరము, సిరా అందని లోతగుటచే, తెల్లగా మిగులును. దీనినే ఎస్టాంపేజి యందురు. మన శాసనసంపుటములలో నల్లనేలపై తెల్లని అక్షరములుగా కనబడు పుటలన్నియు ఈ తీరున పుట్టినవే.

జౌగడ రాతియెదుట నిలుచుండి ఈ ప్రక్రియను తలపోయగా నాకు తోచినదేమనగా: ఈ కాగితముపై తెల్లగా మిగులునది రాతి గాయము. ఉలి ఎచ్చట రాతిని తొలిచెనో అచ్చట మాత్రమే అర్థమున్నది. దెబ్బ తగులని చోట వట్టి నలుపు. చెక్కబడని పదుమూడవ శాసనమునకు ఎస్టాంపేజి తీయగలిగినచో అది ఏ అక్షరమును లేని నల్లనిపుట యగును. అచ్చుకళకు మూలసూత్రమును ఈ కొండరాయి ఇంతకంటె స్పష్టముగ బోధింపజాలదు: గాయము లేనిదే అచ్చు లేదు.

చిత్రలేఖనమున రంగు వస్త్రముపై చేరును. శిల్పమున రూపము రాతి నుండి వెలువడును. అచ్చుచిత్రమున మాత్రము కళాకారుడు ముందొక తలమును హింసింపవలెను. చెక్కను ఉలితో తొలుచును. రాగిపలకను బ్యూరిన్ అను వాడిపనిముట్టుతో కోయును. లేదా పలకకు మైనపుపూత పూసి, సూదితో గీసి, ఆమ్లములో ముంచి, గీచిన మేర లోహమును ఆమ్లముచేత కొరికించును; దీనినే ఎచింగు అందురు. పిమ్మట సిరాను ఆ గాట్లలోనికి దట్టించి, పైతలమును తుడిచి, తడికాగితమును పరచి, బరువైన రోలర్ల నడుమ నొత్తిపెట్టి త్రిప్పును. కాగితము గాటులోనికి దిగి సిరాను పీల్చుకొని వచ్చును. ఈ మర్మము గంజాముసీమకు క్రొత్త కాదు. ఇచ్చటి తాటాకుపై గంటముతో గాట్లు పెట్టి, మసి రుద్ది, పైపైన తుడిచినప్పుడు గాటిలో నిలిచిన మసియే అక్షరమగును, బొమ్మయగును. మన పూర్వుల తాటాకు గ్రంథములన్నియు ఆ విధముననే కనులకు కనబడినవి. తాటాకుపై గాటు ఆ యాకునందే నిలిచిపోవును. రాగిపై గాటు మాత్రము కాగితము నుండి కాగితమునకు ప్రయాణించును. ఈ ప్రయాణశక్తియే యుద్ధమును గూర్చిన అచ్చుచిత్రములకు ప్రాణము.

యూరపుఖండమున ముప్పదేండ్ల యుద్ధము సాగుచుండగా, 1633లో, లొరైన్‌సీమకు చెందిన జాక్ కాలో యుద్ధక్లేశములను గూర్చి పదునెనిమిది ఎచింగులను వెలువరించెను. మిక్కిలి చిన్నవైన ఆ చిత్రములలో ఊరు దోచు సైనికులు, కాలు ఇండ్లు, ఒకే మహావృక్షమునకు గుత్తులుగా వ్రేలాడు ఉరిపడిన దేహములు సూక్ష్మముగ, దూరము నుండి చూచినట్లు కనబడును. దాదాపు రెండువందల ఏండ్లకు పిమ్మట స్పెయిన్ దేశమున చిత్రకారుడు గోయా ఆ దూరమును చెరిపివేసెను. నెపోలియను సేనలు 1808లో దేశమును ఆక్రమించిన పిమ్మట, 1810 నుండి పదేండ్లపాటు అతడు చెక్కిన యుద్ధవిపత్తుల పలకలలో రాజు లేడు, జెండా లేదు, విజయము లేదు. చెట్టుకొమ్మకు గ్రుచ్చబడిన ముండెము, ఈడ్వబడు స్త్రీ, శవములమీద క్రుంగిపోవు ముదుసలి మాత్రమే మన ముఖమునకు చేరువగా నిలుతురు. రాగి దొరకని యుద్ధదినములలో, తాను పూర్వము ప్రకృతిదృశ్యములు చెక్కిన పలకలనే నరికి వెనుకవైపున ఈ ఘోరములలో కొన్నింటిని చెక్కెనట. ఒక చిత్రముక్రింద, ఇది తాను కన్నులార చూచితినని సాక్షివలె వ్రాసికొన్నాడు. అంతటి సాక్ష్యమును బ్రదికియుండగా వెలువరింపలేకపోయెను. 1828లో అతడు మరణింప, 1863లో గాని ఎనుబది చిత్రములు సంపుటముగ లోకమునకు అందలేదు. పలక మాత్రము తాళియుండెను. యజమాని ఊరకుండవలసివచ్చినను గాటు మానిపోకపోవుట లోహమునకు గల గొప్పగుణము.

మొదటి ప్రపంచయుద్ధము ఈ కళకు ఇద్దరు మహాసాక్షులను ప్రసాదించెను. జర్మనీలోని కేతె కోల్విట్స్ చిన్నకుమారుడు పీటర్ యుద్ధమునకు పోవ నుత్సహింపగా, తండ్రి వలదనెను. ఆమెయే భర్తను ఒప్పించెను. 1914 అక్టోబరులో బెల్జియమునందు ఆ బాలుడు హతుడయ్యెను. ఆ తల్లి ఎచింగుతోను లితో అను రాతియచ్చుతోను ప్రయత్నించి తృప్తినందక, తుదకు చెక్కను చేపట్టి, 1921, 22లలో ఏడు చిత్రములు తొలిచి 1923లో ‘యుద్ధము’ అను పేర ప్రకటించెను. ఆ ఏడింటిలో యుద్ధభూమి కానరాదు. బిడ్డను బలిగా ఎత్తిపట్టిన తల్లి, మోకరిల్లి ఒకరిలో నొకరు కరగిపోయిన తల్లిదండ్రులు, విధవ, పిల్లలను నడుమ నుంచుకొని గోడవలె కూడిన తల్లులు: ఇట్టివే. చెక్కచిత్రమున ఉలి తొలచినది తెల్లనై, తొలువక విడిచినది నల్లనై నిలుచును. ఎస్టాంపేజిలో వలెనే ఇచ్చటను గాయమే వెలుగు. ఆమె ఎంత తక్కువ తొలిచెనో అంత చీకటి మిగిలినది. ఆ చీకటిలో ఒక చేయి, ఒక ముఖము మాత్రము చెక్కుడుదెబ్బల వెలుగులో తేలియాడుచున్నవి. మరుసటి సంవత్సరమే, యుద్ధమున మెషిన్‌గన్ పట్టి పోరాడి వచ్చిన ఒట్టో డిక్స్ ఏబది ఎచింగుల సంపుటమును వెలువరించెను. అతడు ఆమ్లమును లోహముపై అతిగా కొరుకనిచ్చి, కందకములలో కుళ్ళు దేహముల చర్మమును ఆ కొరుకుడుచేతనే చూపెను. ఒకరు తొలువక విడిచిన నలుపుతో దుఃఖమును చెప్పిరి. ఒకరు లోహమును తినివేయు ద్రవముతో మాంసపు కుళ్ళును చెప్పిరి. పనిముట్టు స్వభావమే ఇచ్చట భావమైనది.

జౌగడ నుండి బరంపురము మీదుగా గోపాలపురమునకు చేరితిని. ఇప్పుడది విహారులు మెచ్చు సముద్రతీరము. దీపస్తంభమును, ఇసుకలో నిలిచిన పాత రేవుకట్ట స్తంభములును పూర్వపు వైభవమునకు సాక్షులు. ఆవిరియోడలు లోతునీటిలో లంగరువేసి నిలువ, మసూలాపడవలపై జనము అలలు దాటి ఓడలెక్కి బర్మాలోని రంగమునకు (రంగూనునకు) పోయెడి కాలమున, గంజాము విశాఖపట్టణము జిల్లాల నుండి కూలికి పోయిన తెలుగువారికి ఈ రేవు పెద్దవాకిలి. రంగములోని ధాన్యపుమిల్లులలోను, రేవులలోను, రిక్షాలాగుటలోను వారి వెన్నెముకలు అరిగినవి. 1941 డిసెంబరు 23న జపానువిమానములు రంగముపై బాంబులు కురిపించెను. ఓడలలో చోటు చాలక, లక్షలకొలది భారతీయులు అరకానుకనుమల మీదుగా చట్టగ్రామమునకును, ఉత్తరపుటడవులగుండ అస్సామునకును నడచిరి. ప్రాణములతో చేరినవారు సుమారు అయిదు లక్షలని చరిత్రకారుల అంచనా. దారిలో విషూచి, మలేరియా, ఆకలి, వానలు తినివేసినవారు వేలకువేలు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైనను బాంబులు పడెను. ప్రపంచయుద్ధము మన తీరమునకు వచ్చినది ఇట్లు.

గోపాలపురపు ఒడ్డున తెలుగు మాటలాడు బెస్తకుటుంబములు నేటికి నున్నవి. వలలు చిక్కుదీయుచున్న ఒక వృద్ధురాలిని, మీవారిలో రంగము పోయినవారున్నారా అని అడిగితిని. ఆమె తల యెత్తక, “మా తాత ఎల్లినాడు బాబూ. యుద్ధం వొచ్చీసరికి కట్టుబట్టల్తోటి నడిసి వొచ్చీసినాడు. తోవలో ఏటి సూసినాడో బతికినన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదు. అడిగితే లెగిసి ఎల్లిపోయేవోడు,” అనెను. ఒక క్షణమాగి, “రాత్రిపూట మాత్రం కేకలేసీవోడట. మా అమ్మ సెప్పేది,” అని తన పనిలో మునిగెను.

జౌగడలో విన్న మౌనము పరిపాలకునిది, ఇది బాధితునిది. మొదటిది వివేకముతో ఎంచుకొన్న మౌనము. రెండవది గొంతు దాటిరాని మౌనము. పగలు చెప్పలేనిది రాత్రి కేకయై, అదే దృశ్యము, అదే భయము, మార్పులేక తిరిగి తిరిగి వచ్చుచుండుటయే యుద్ధము మనస్సునకు చేయు గాయముయొక్క లక్షణమని వైద్యులందురు. ఆ వృద్ధుని లోపల నొక పలక చెక్కబడియున్నది. రాత్రియొక్కింటికి నొక అచ్చు పడుచునే యున్నది. ఐనను ఆ అచ్చు అతని యొక్కనికి తప్ప మరియొకనికి అందలేదు. అచ్చుచిత్రకళ యుద్ధహింసను చెప్పగలుగుటకు అసలు కారణము నాకిచ్చట తెలియవచ్చినది. ఆ కళకును పునరావృత్తియే ధర్మము. ఒకే గాటు నుండి పదులు, నూరులు కాగితములు లేచివచ్చును. కాని ఒక్కొక్క కాగితము ఒక్కొక్క క్రొత్తచేతికి చేరును. ఒక్కని తలలో తిరుగుచు అతనిని తినివేసిన దృశ్యము పదిమంది చేతులలో పడి, వారు కలసి మోయదగిన బరువగును.

అట్లు మోయించిన కళాకారులు మన దేశమున నున్నారు. రంగము నుండి నడచిన వేలజనులు చేరిన చట్టగ్రామముసీమలోనే 1921లో సోమనాథ్ హోర్ జన్మించెను. 1942 డిసెంబరులో అతడు తన యూరిదాపున విమానములు బాంబులు వేయుటను, చచ్చినవారిని, తెగినవారిని చూచి, బొమ్మలు గీయనారంభించెను. మరుసటి వత్సరమే యుద్ధవ్యూహము పేర పడవలను, ధాన్యమును పల్లెల నుండి తొలగించిన ప్రభుత్వవిధానములు ఒక కారణముగ వంగదేశమున మహాక్షామము సంభవించెను. బాంబు పడని ఊళ్ళను యుద్ధము ఆకలితో చంపెను. చిత్తప్రసాద్ మేదినీపురము పల్లెలలో తిరిగి గీసిన సిరాచిత్రములను అచ్చువేసిన ‘హంగ్రీ బెంగాల్’ అను చిన్నపుస్తకపు ప్రతులను ప్రభుత్వము స్వాధీనపరచుకొని తగులబెట్టించెను. మంటను తప్పించుకొనిన ప్రతి కుటుంబమువారియొద్ద భద్రముగ నిలిచి, దశాబ్దముల పిమ్మట తిరిగి అచ్చైనది. ఒక్క చిత్రమైనచో తగులబెట్టిన క్షణముననే ముగిసెడిది. అచ్చు గనుకనే బ్రదికెను. ఆ తరువాత చిత్తప్రసాదు, లినోలియమును తొలిచి అచ్చొత్తు లినోకట్టును తన ప్రధానాయుధముగ చేపట్టుట కాకతాళీయము కాదు.

సోమనాథ్ హోర్ మాత్రము ఆ మొదటి దృశ్యమును బ్రదుకంతయు విడువలేదు. 1970వ దశాబ్దపు ఆరంభమున, వియత్నామును బంగ్లాదేశమును మండుచుండగా, అతడు ‘గాయములు’ అను చిత్రమాలికను ఆరంభించెను. మైనపు లేక మట్టి పలకలను కత్తులతో, కాల్చిన పనిముట్లతో చీల్చి, పొడిచి, వానినుండి సిమెంటు అచ్చులను పోసి, వానిపై తడి కాగితపుగుజ్జును ఒత్తి ఆరబెట్టెను. వచ్చినదేమి? సిరా లేని, బొమ్మ లేని తెల్లనికాగితము. దానియందు చీలికలు, గుంటలు, మానుచున్న పుండ్ల అంచులవలె ఉబికిన గట్లు మాత్రము గలవు. కొన్నింటియందు ఎఱ్ఱని చార యొకటి తోచును. దేహము చిత్రింపబడలేదు, కాగితమే దేహమైనది. ఎవరి గాయము? ఏ దేశము? ఏ పక్షము? కాగితము చెప్పదు. అది వ్రేలికొనకు మాత్రమే తెలియును. జౌగడ రాతి ఎస్టాంపేజిలో తెల్లగా మిగిలిన అక్షరమునకును ఈ తెల్లనిపుండునకును నేను చూచిన బంధుత్వము ఇదియే: రెండింటియందును దెబ్బ తగిలిన చోటే పలుకుచున్నది. రాతిపై దెబ్బ ఆజ్ఞయై పలికెను. ఈ కాగితముపై అది వేదనయై పలుకుచున్నది.

యుద్ధవేదనను అందమైన అచ్చుగా మార్చి గోడకు వ్రేలాడదీయుట న్యాయమా యని అడుగువారున్నారు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. డిక్స్ చెక్కిన శవములను చూచి రేఖానైపుణ్యమును మెచ్చి వెడలిపోవు కన్ను నిజముగ నపాయకరము. ఐనను ఈ కళలోని శ్రమయే ఆ యపాయమునకు కొంత విరుగుడు. పలకపై గాటు పెట్టువాడు ప్రతిగాటును మెల్లగ, తడవుగ, చేతినొప్పితో పెట్టవలెను; బాంబు ఒక క్షణమున చేసినదానిని అతడు దినములతరబడి వెనుకకు నడచి తెలిసికొనవలెను. ఆ తడవు చిత్రములో నిలిచిపోయి, చూచువానిని కూడ నిలుపును. సోమనాథ్ తెల్లనికాగితములు అందమునకు అవకాశమే ఈయక, చూపును స్పర్శగా మార్చివేసినవి.

తెలుగునేలకు ఈ విద్యలో గల గౌరవమును ఇచ్చట స్మరింపకుండరాదు. 1925లో చిత్తూరుదాపున నందనూరులో జన్మించిన కృష్ణారెడ్డి, వంగదేశము క్షామమున నశించుచుండిన దినములలో శాంతినికేతనమున విద్యార్థి. పిమ్మట పారిసులో స్టాన్లీ విలియం హేటర్ కర్మశాలయైన అటెలియే 17లో చేరి, ఆ సంస్థకు సహనిర్దేశకుడయ్యెను. హేటర్ 1930లలో స్పెయిన్ అంతర్యుద్ధబాధితుల సహాయార్థము చిత్రకారులచేత అచ్చుచిత్రసంపుటములు వెలువరింపజేసిన మనీషి. అచ్చట కృష్ణారెడ్డి తోడివారితో కలసి లోకమున కందించిన విద్య, ఒకే పలకపై వేర్వేరు లోతులు చెక్కి, నూనెపాళ్ళు మార్చి చిక్కదనము మార్చిన రంగులను మెత్తని, గట్టి రోలర్లతో పూసి, ఒకదానినొకటి అంటక యుండజేసి, అన్ని వర్ణములను ఒకే ఒత్తిడిలో కాగితమున కెక్కించుట. శిల్పి గనుక అతడు లోహమును రాతివలె లోతులోతుగా మలచెను. 1968లో పారిసువీథులలో విద్యార్థులు తిరుగబడినప్పుడు అతడు ‘డిమాన్‌స్ట్రేటర్స్’ అను చిత్రమున ఆ జనసందోహమును లోహముపై నిలిపెను. అది యుద్ధచిత్రము కాదు. కాని ఒత్తిడికి లోనైన మనుష్యసమూహమును లోహము ఎట్లు మోయగలదో దానిని చూచినవారికి తెలియును. 2018లో న్యూయార్కులో అతడు దివంగతుడైనప్పుడు లోకమున అనేకదేశముల అచ్చుచిత్రకారులు గురువును కోల్పోయితిమనుకొనిరి.

ఇంతటి విద్య మన చేతిలో నున్నది. హుమ్మకు దగ్గరలోని ఖల్లికోటలో చిత్రశిల్పకళాశాల యున్నది. విశాఖలోను హైదరాబాదులోను అచ్చుయంత్రములు తిరుగుచున్నవి. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమల ఇండ్లలో రంగపునడకను గూర్చిన మాటలు, సగముసగము జ్ఞాపకములు, తల్లులు చెప్పిన రాత్రికేకల కథలు ఇంకను మిగిలియున్నవి. ఆ నడక నడచినవారిలో దాదాపు అందరును గతించిరి. విన్నవారును నేడో రేపో గతింతురు. చరిత్రగ్రంథములు అంకెలను భద్రపరచును, కాని ఆ కేకను భద్రపరచు శక్తి వానికి లేదు. యువకళాకారులు ఆ ఇండ్ల గడపలకు పోయి, వృద్ధుల మాట విని, ఆ వినికిడిని రాగిపై, చెక్కపై, గుజ్జుకాగితముపై గాటుగా మార్చవలెను. ప్రతులను ప్రదర్శనశాలలకు మాత్రమే గాక, గోపాలపురము, కళింగపట్టణము, భీముని పట్టణము రేవుగ్రామముల బడులకు, ఆ కుటుంబముల ఇండ్లకే పంపవలెను. కళింగుల మరణము కళింగములో లిఖింపబడకపోయిన లోపమును ఇరువదిమూడు శతాబ్దముల పిమ్మట మనము సవరింపజాలము. మన తాతల యుద్ధము వారి మనుమల నేలమీదనే, వారి కండ్లయెదుటనే అచ్చుపడునట్లు చేయుట మాత్రము మన చేతిలోని పని, మనము చేయవలసిన పని.